మీ ప్రశ్నలకు మా జవాబులు: డిమిల్ చూపిన రోమ్

ప్రశ్న: ‘టెన్ కమాండ్‌మెంట్స్’ తీసిన సెసిల్ బి. డిమిల్ మొదట నటుడని విన్నాను, నిజమేనా? తొలినాటి క్రైస్తవుల మీద ఆయన తీసిన ‘ది సైన్ ఆఫ్ ది క్రాస్’లో రోమ్ తగలబడుతుంటే నీరో చక్రవర్తి తంత్రీవాద్యం మీటుతూ ఆనందిస్తాడు. ఇది చరిత్రేనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు విన్నది నిజమే. 1881లో పుట్టిన డిమిల్ న్యూయార్క్‌లో నటన నేర్చుకుని, 1900లో రంగస్థలం ఎక్కి, ఏళ్ల తరబడి నాటక సమాజాలతో తిరిగినా నటుడిగా పెద్ద పేరు రాలేదు. 1914లో ‘ది స్క్వా మ్యాన్’తో దర్శకుడయ్యాకే ఆయన దశ తిరిగింది. అయినా వేషం మీద మమకారం పోలేదు. 1956 నాటి ‘టెన్ కమాండ్‌మెంట్స్’ ఆరంభంలో తెర వెనుక నుంచి వచ్చి ప్రేక్షకులతో మాట్లాడేది ఆయనే, కథ వినిపించే గొంతూ ఆయనదే.

మీరడిగిన సినిమా 1932 నాటిది. విల్సన్ బారెట్ అనే ఆంగ్ల నటుడు 1895లో తానే రాసి, తానే నాయకుడిగా నటించిన నాటకం దానికి మూలం.

ఇక చరిత్ర. క్రీ.శ. 64 జూలైలో మంటలు చెలరేగినప్పుడు నీరో రోమ్‌లో లేడు, సముద్రతీర పట్టణమైన ఆంటియంలో ఉన్నాడని, అది ప్రమాదమో అతని పన్నాగమో తేలలేదని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. కానీ ఆ తర్వాత జరిగిన ఘోరాన్ని ఆయన సందేహం లేకుండా చెప్పాడు. నింద తన మీద నుంచి తప్పించుకోవడానికి నీరో క్రైస్తవులను దోషులుగా చూపి, కొందరికి జంతు చర్మాలు చుట్టి కుక్కల చేత చీల్పించాడు, కొందరిని సిలువ వేయించాడు, కొందరిని చీకటి పడ్డాక దీపాలుగా కాల్పించాడు. సినిమాలో నీరో భార్య, మహారాణి పొప్పేయా గాడిదపాల స్నానం చూసి చాలామంది దర్శకుడి కల్పన అనుకుంటారు గాని, ఆమె వెంట 500 పాడి గాడిదలు నడిచేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

నాకు ఈ సినిమాలో లోటుగా తోచేది క్రైస్తవుల చిత్రణే. నీరోగా చార్లెస్ లాటన్, పొప్పేయాగా క్లాడెట్ కోల్బర్ట్ కళ్లకు కట్టినట్టు నిలుస్తారు. విశ్వాసులు మాత్రం పాటలు పాడుతూ చావుకు నడిచే గుంపుగానే మిగిలిపోతారు. ఆ అగ్నిప్రమాదానికి పదేళ్లలోపు ముందే క్రైస్తవ బోధకుడు పౌలు రోమ్‌లోని విశ్వాసులకు రాసిన లేఖ, అంటే బైబిల్లోని రోమీయులకు రాసిన పత్రిక, 16వ అధ్యాయం తెరిచి చూడండి. డేరాలు కుట్టి బతికే అకుల, ప్రిస్కిల్ల, వాళ్లింట్లో కూడుకునే సంఘం, ఎంతో ప్రయాసపడిన పెర్సిసు, ఇలా పేరుపేరునా వందనాలు చెబుతాడు. వీళ్లలో ఒక్కరి వృత్తీ, ఇల్లూ, వాకిలీ తెర మీద కనిపించినా, సినిమాలో క్రైస్తవ కథానాయిక మెర్సియా మరణం మనల్ని ఇంకెంత కదిలించేదో!

చూడదలచుకుంటే పునరుద్ధరించిన ప్రతినే వెతకండి. 1944లో మళ్లీ విడుదల చేసినప్పుడు కొన్ని దృశ్యాలు కత్తిరించి, రెండో ప్రపంచయుద్ధ విమానాలతో కొత్త ఆరంభం అతికించారు. అందులో 1932 నాటి సినిమా పూర్తిగా కనిపించదు.