కరెంటు పోతే బిల్లుల ఫైలు ఖాళీ ఎందుకవుతోంది?

ప్రశ్న: మా కిరాణా కొట్టు బిల్లింగ్ ప్రోగ్రాం మా అబ్బాయి లైనక్స్ మీద రాశాడు. కరెంటు పోయి వచ్చాక, సేవ్ చేసిన ఫైలు సున్నా బైట్లు చూపిస్తోంది. డిస్కు పాడైందాండీ?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: డిస్కును అనుమానించకండి. సేవ్ చేసిన డేటా ముందు ర్యామ్‌లోని క్యాషెకే (కరెంటు పోతే చెరిగిపోయే తాత్కాలిక నిల్వకే) చేరుతుంది. మామూలు సెట్టింగుల్లో దాదాపు 30 సెకన్లు అక్కడే ఉండొచ్చు. పాత ఫైలునే తుడిచి రాస్తుంటే, ఆ సందులో కరెంటు పోతే మిగిలేది సున్నాయే. మీ అబ్బాయిని అదే ఫోల్డరులో తాత్కాలిక ఫైలు రాసి, ఎఫ్‌సింక్ (fsync, ర్యామ్‌లోని డేటాను డిస్కుకు రాయించే ఆదేశం) చేసి, ఎర్రర్ రాలేదని చూసుకున్నాకే పాత పేరుకు రీనేమ్ చేయమనండి. ఆపైన ఫోల్డరుకూ ఎఫ్‌సింక్ చేయాలి, చాలామంది ఎగ్గొట్టేది దీన్నే. డిస్కుకూ సొంత క్యాషె ఉంటుంది. అందులో ఉన్నది వెంటనే రాసేయమని ఎఫ్‌సింక్ డిస్కుకు ఫ్లష్ ఆదేశం పంపుతుంది. వేగం కోసం మౌంట్ సెట్టింగుల్లో (డిస్కును సిస్టమ్‌కు జోడించే సెట్టింగుల్లో) ఎవరైనా ‘నోబ్యారియర్’ (nobarrier) పెట్టి ఉంటే ఆ ఆదేశం వెళ్లదు. వెంటనే తీసేయించండి.