కుక్క కాలికి ప్లేటు వేశారు, కట్టు ఎందుకు కట్టలేదు?

ప్రశ్న: మాది దేవరకొండ. మా నాటు కుక్కకు ఎనిమిది నెలలు. కొండమల్లేపల్లి దగ్గర రోడ్డు దాటుతుంటే బైక్ తగిలి వెనక కాలి తొడ ఎముక విరిగింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. పది రోజులైంది. కాలు కొద్దిగా ఆనిస్తోంది, కుంటుతోంది. పైన కట్టు లేదేమని చూసినవాళ్లంతా అడుగుతున్నారు. నల్లేరు నూరి పట్టేయమంటున్నారు. వేయొచ్చా? కాల్షియం టానిక్ పోయాలా? ప్లేటు మళ్లీ తీయించాలా? - ఓ పాఠకురాలు

జవాబు: పది రోజులకే కాలు ఆనిస్తోందంటే మంచి కబురే. కట్టు వేయకపోవడం డాక్టర్ మరిచిపోయి కాదమ్మా. విరిగిన ఎముకకు పైన, కింద ఉన్న కీళ్లు రెండూ కదలకుండా ఉంటేనే పిండికట్టు పనిచేస్తుంది. తొడ ఎముకకు పై కీలు తుంటి. దాన్ని కట్టుతో ఆపడం దాదాపు కుదరని పని. అందుకే లోపల ప్లేటు వేస్తారు. పైగా ఈ వయసు కుక్కకు కాలు చాచి బిగించి కడితే తొడ ముందు కండరం ఎముకకు అతుక్కుపోయి, మోకాలు మడత పడక కాలు కర్రలా నిలిచిపోతుంది. ఒకసారి అలా బిగిస్తే మళ్లీ వదిలించడం చాలా కష్టం. నాకు విరుపు కంటే దీని భయమే ఎక్కువ. ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను అడిగి, కుక్కను పక్కకు పడుకోబెట్టి మోకాలు మెల్లగా మడిచి చాపడం నేర్చుకోండి. రోజుకు మూడు నాలుగు విడతలు చేయాలి. నొప్పితో అరిస్తే అక్కడికి ఆపేయండి.

నల్లేరు పట్టు, గుడ్డు సొన పట్టీ ఏదీ వద్దు. కుట్లున్న చోట తడి చేరి చీము పడితే అది ప్లేటు దాకా పోతుంది.

అసలు కష్టం ముందుంది. మూడో వారానికి నొప్పి తగ్గుతుంది, కుక్క పరుగందుకుంటుంది. ఎముక మాత్రం అప్పటికి అతుక్కోదు. స్లాబు గట్టిపడేదాకా బరువంతా సెంట్రింగ్ మోసినట్టు, ఇప్పుడు ఒంటి బరువు మోస్తున్నది ప్లేటే. రోజూ గంతులేస్తే ప్లేటు వంగుతుంది, స్క్రూలు వదులవుతాయి. గొలుసు పట్టుకుని మూత్రానికి, మలానికి మాత్రమే బయటకు తీసుకెళ్లండి. మెట్లు, మంచం ఎక్కడం బంద్. బండలు జారితే గోనెసంచులు పరవండి. కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ కాలర్ ఉంచండి. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు.

నాలుగు నుంచి ఆరు వారాల మధ్య ఎక్స్‌రే తీయించండి. ప్లేటు గట్టిగా పట్టిన చోట ఎముక చుట్టూ కొత్త ఎముక గడ్డలా కనిపించకపోవచ్చు, కంగారు పడొద్దు. పూర్తిగా అతకడానికి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పరుగుకు అనుమతి ఎక్స్‌రే చూశాకే.

పెరిగే కుక్కల దాణా సరిపడా పెడుతుంటే కాల్షియం టానిక్ అవసరం లేదు. ఉత్త అన్నం, మెత్తటి మాంసమే తింటుంటే మాత్రం ఎముకలే పలచబడతాయి. ఆ మాట డాక్టర్‌కు చెప్పండి, మోతాదు ఆయన రాస్తారు. నొప్పికి ఇంట్లో మనం వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు వేయకండి. కుక్కల కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఆనించే కాలు ఉన్నట్టుండి ఎత్తేసినా, వాపు, చీము, జ్వరం వచ్చినా ఆ రోజే చూపించండి. ఆపరేషన్ చేసిన డాక్టర్ దొరక్కపోతే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు పాత ఎక్స్‌రేలు పట్టుకుని వెళ్లండి. ఇబ్బంది లేకపోతే ప్లేటు తీయనక్కర్లేదు, జన్మంతా ఉన్నా పర్వాలేదు. స్క్రూ వదులైనా, చీము పట్టినా, చర్మానికి ఒరుసుకుంటున్నా అప్పుడు తీస్తారు, అదీ ఎముక అతికాకే.