డబ్బు కట్టి తెచ్చుకునే సర్టిఫికెట్ వద్దు, పని మీ ఊళ్లోనే ఉంది

ప్రశ్న: మాది తెనాలి. బీకాం రెండో సంవత్సరంలోకి వచ్చాను. సాయంత్రాలు ట్యూషన్లు చెబుతాను. సేవా సంస్థలో పనిచేయాలని, నా సంపాదనలో కొంత విరాళంగా ఇవ్వాలని ఉంది. ఒక సంస్థవారు ఆన్‌లైన్‌లో రుసుము కట్టి, తెలిసినవాళ్ల దగ్గర విరాళాలు వసూలు చేసిపెడితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. నాన్న మాత్రం ముందు చదువు, ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఈ దారిలో ఉద్యోగాలుంటాయా?
- ఒక విద్యార్థిని

జవాబు: ముందు ఆ సర్టిఫికెట్ సంగతి. తీసుకోవద్దు. బంధువులకు, స్నేహితులకు లింకులు పంపి టార్గెట్ పూర్తిచేయడం వసూళ్ల పని. రేపు ఇంటర్వ్యూలో ‘అక్కడ మీరేం చేశారు?’ అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. పైగా ఆ డబ్బు ఎటు పోయిందో మీకే తెలియదు, మీ మాట నమ్మి ఇచ్చినవాళ్లకు ఏం జవాబు చెబుతారు?

మీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ ఉందేమో కనుక్కోండి. 1969లో గాంధీజీ శతజయంతి ఏడాది మొదలైన పథకం ఇది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేస్తే సర్టిఫికెట్ వస్తుంది. పైసా కట్టక్కర్లేదు. ఇప్పుడు చేరితేనే మీకు రెండేళ్లూ దక్కుతాయి.

ఇంకో పని చెబుతాను, చాలామంది విద్యార్థులకు దీని గురించి తెలియదు. చూపులేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్‌లు కావాలి. పరీక్ష రాసే అభ్యర్థి కన్నా తక్కువ తరగతి చదువుతున్నవాళ్లనే సాధారణంగా అనుమతిస్తారు కాబట్టి, ఉద్యోగాల్లో ఉన్న పెద్దవాళ్లకు మనసున్నా కుదరదు. మీలాంటి వాళ్లే కావాలి. గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇస్తారు, అంటే మూడు గంటల పేపరుకు నాలుగు గంటలు కూర్చోవాలి. ప్రశ్నను నిదానంగా చదవాలి, అభ్యర్థి చెప్పింది చెప్పినట్టే రాయాలి. తప్పని మీకు తెలిసినా సొంతంగా దిద్దకూడదు. వస్తానని చెప్పి ఆ ఉదయం ఎగ్గొడితే ఒక మనిషి ఏడాది చదువు పోతుంది. మాట ఇచ్చి నిలబడటం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు. కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ అధికారికి, దగ్గర్లోని అంధుల పాఠశాలకు మీ పేరు ఇచ్చి ఉంచండి.

18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే రక్తదానమూ చేయొచ్చు. మహిళలకు రెండు దానాల మధ్య 120 రోజుల విరామం ఉండాలి. వేసవి సెలవుల్లో కాలేజీ శిబిరాలు ఉండవు, తలసీమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు మాత్రం ఎండాకాలమైనా రక్తం ఎక్కించాల్సిందే. అందుకే మే నెలలో ఇవ్వండి.

ఇక డబ్బు. ఫీజుకు, పుస్తకాలకు పెట్టుకున్నది ముట్టుకోవద్దు. ట్యూషన్ డబ్బులో నెలకు 100 ఇచ్చినా చాలు, కానీ ఒకేచోట, ఆపకుండా ఇవ్వండి. మీరు వెళ్లి చూడగలిగిన సంస్థకైతే మరీ మంచిది. రిజిస్ట్రేషన్ వివరాలు, ఆడిట్ నివేదిక అడగండి. అడిగితే చిరాకుపడే చోట ఇవ్వకండి. వ్యక్తిగత ఫోన్ నంబరుకు యూపీఐ చేయమంటే వద్దనండి, సంస్థ ఖాతాకే పంపి రసీదు తీసుకోండి. విరాళాలపై ఇచ్చే పన్ను మినహాయింపు (80జిగా పిలిచేది) ఆదాయపన్ను కట్టేవాళ్లకే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే అది వర్తించదు. మీకు దాంతో పనిలేదు గానీ నాన్నగారికి ఉపయోగపడొచ్చు.

మీ బీకాంకు అసలు విలువ ఇక్కడే ఉంది. చిన్న సంస్థల్లో మనసున్నవాళ్లు ఉంటారు, లెక్కలు రాసేవాళ్లు ఉండరు. బిల్లులు తేదీల వారీగా పెట్టడం, రసీదు పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడటం, ఆదాయపన్ను శాఖకు ఏటా ఇవ్వాల్సిన దాతల జాబితా సిద్ధం చేయడం... వారానికి రెండు గంటలు ఈ పని చేసిపెడతానని అడిగి చూడండి. అన్నం వడ్డించే ఫొటో రాకపోవచ్చు, ఆ సంస్థ నిలబడేది మాత్రం ఈ లెక్కల మీదే.

ఉద్యోగాలూ ఇక్కడి నుంచే మొదలవుతాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్దేశిత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ డబ్బుకు లెక్క చూపే ఫైనాన్స్ సిబ్బంది, ప్రాజెక్టు ఎలా నడుస్తోందో చూసే ఫీల్డ్ కోఆర్డినేటర్లు కావాలి. ఇదే రంగంలో స్థిరపడాలనుకుంటే డిగ్రీ తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేయొచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. టిస్‌కు (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్‌లోనూ క్యాంపస్ ఉంది. మొదట్లో జీతాలు తక్కువే, అది తెలుసుకుని రండి.

నాన్నగారి మాటలో తప్పులేదు. ఎన్‌ఎస్‌ఎస్ 240 గంటలను రెండేళ్లకు పంచితే వారానికి రెండున్నర గంటలు కూడా కాదని కాగితం మీద వేసి చూపించండి. సెమిస్టర్ పరీక్షల ముందు నెల రోజులు రాలేనని సంస్థకు మొదటి రోజే చెప్పండి.