సంఘమంతా మీ ఇంటికి వస్తోంది, మీ అమ్మ మాత్రం రెండో రోజే వెళ్లిపోయింది

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర ఊరు. మా వారు పాస్టర్. పెళ్లయి పదమూడేళ్లు, ఇద్దరు పిల్లలు. ఆదివారం రెండు ఆరాధనలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మిగతా రోజుల్లో గృహకూడికలు, ఆసుపత్రులు, చావులు, పెళ్లిళ్లు. చెల్లి గృహప్రవేశం ఆదివారం పడింది, వెళ్లలేకపోయాం. తమ్ముడు ఫోన్ చేయడం మానేశాడు. పెద్దమ్మ వాళ్లు హిందువులు, వెళ్తే ప్రార్థన పెడతామని మమ్మల్ని తప్పించుకుంటున్నారు. మొన్న అమ్మ మూడు రోజులుంటానని వచ్చి రెండో రోజే బస్సెక్కేసింది. ఆవిడ తెచ్చిన జంతికల డబ్బా మూత కూడా తీయలేదు. మా వారు దేవుని పనే ముందు అంటారు. నాకేమో గుండె బరువుగా ఉంటోంది.

జవాబు: అమ్మా, ఆ డబ్బా దగ్గరే ఆగిపోయాను నేను. మీ అమ్మగారు వచ్చిన రోజు ఇల్లు ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు, నేనూ పాస్టర్ గారి ఇంట్లో పుట్టినదాన్నే. వాకిట్లో పది జతల చెప్పులు, హాల్లో ఎవరో ఏడుస్తూ కష్టం చెప్పుకుంటూ ఉంటారు, మీరు వంటింట్లో రెండో విడత టీ పెడుతూ ఉంటారు, ఆవిడేమో ప్లాస్టిక్ కుర్చీలో ఒక పక్కన కూర్చుని, మీరెప్పుడు ఖాళీ అవుతారా అని చూసి చూసి, చివరికి గ్లాసులు కడగడానికి లేచి ఉంటారు. మా అమ్మమ్మ అచ్చం అలాగే చేసేది. కోపంతో కాదు ఆవిడ వెళ్లిపోయింది, మీకు అడ్డమవుతున్నానేమోనని.

మీ వారి మీద నాకు కోపం లేదు. ఒక్క ఇంటికి వెళ్లకపోయినా "పాస్టర్ గారు రాలేదు" అని సంఘంలో మాట పుడుతుంది, ఆ టెన్షన్ ఆయన ఒక్కరే మోస్తున్నారు. సంఘం అలిగితే చెవిన పడుతుంది, చుట్టం అలిగితే ఫోన్ మానేస్తాడు, అంతే, చప్పుడుండదు. అందుకే ఎప్పుడూ చుట్టాల వంతే వాయిదా పడుతుంది.

కానీ దేవుని పని ముందు అన్న మాటను నేను అలాగే వదిలిపెట్టలేను. అమ్మానాన్నలకు ఇవ్వాల్సింది "కొర్బాను", అంటే దేవునికి అర్పితం, అని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు ఎంత గట్టిగా గద్దించాడో మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. సిలువ మీద ఉండి కూడా తల్లిని ఒక శిష్యుడికి అప్పగించాడు. ఇవన్నీ మీ వారికి తెలియక కాదు, మీరు వీటితో వాదన పెట్టుకోవద్దు కూడా. ఒక సోమవారం సాయంత్రం, ఫోన్లు లోపల పెట్టి, ఇద్దరూ కలిసి బైబిల్లో నిర్గమకాండం 18వ అధ్యాయం చదవండి. ఇశ్రాయేలు జనాన్ని నడిపించిన మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్ల తగాదాలు వింటూ కూర్చునేవాడు. అలాంటప్పుడు మామ యిత్రో వచ్చాడు, ఊరికే రాలేదు, మోషే భార్యనూ ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని వచ్చాడు. మోషే ఎదురెళ్లి వంగి నమస్కరించి, ముద్దు పెట్టుకుని, క్షేమం అడిగి, డేరాలోకి తీసుకెళ్లి జరిగిందంతా చెప్పాడు. మర్నాడు ఆ తీర్పుల కూర్చోవడం చూసి ఆ మామే అన్నాడు, ఇలా అయితే నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు, వెయ్యిమందికీ వందమందికీ యాభైమందికీ పదిమందికీ పెద్దల్ని పెట్టు అని. అంతమంది జనంలో ఎవరికీ కనిపించనిది ఇంటికొచ్చిన చుట్టానికి కనిపించింది. మీ సంఘంలోనూ శుక్రవారం ప్రార్థన నడిపించగల పెద్దలు ఇద్దరైనా ఉంటారు. నెలకొకసారి వాళ్లకు అప్పగించమని అడగండి, అంతకంటే ఎక్కువ మొదట్లోనే అడగొద్దు.

ఇక మీ చేతిలో ఉన్నవి. గోడ మీద వాగ్దాన క్యాలెండర్ ఉంటుంది కదా, కొత్త సంవత్సరం సభల తేదీలు వేయకముందే చుట్టాల తేదీలు వేసేయండి. మా నాన్న సభలు నీలం ఇంకుతో రాసుకునేవారు, మా అమ్మ పక్కనే ఎర్ర పెన్నుతో "చిన్నత్త కూతురి పెళ్లి" అని రాసేసేది, ఆ గడిలో ఇక ఎవరూ ఇంకోటి రాయడానికి వీల్లేదు. క్రిస్మస్ నాడు మీకు కుదరదు, డిసెంబర్ 31 రాత్రి అసలే కుదరదు, కాబట్టి 26 గానీ 27 గానీ మీవాళ్ల క్రిస్మస్ అని చెప్పేయండి. సంక్రాంతికి అందరూ ఊళ్లోనే ఉంటారు, ఆ మూడు రోజుల్లో ఒక రోజు మీరు వెళ్లండి. వేసవిలో వి.బి.ఎస్., అదే పిల్లల సెలవుల బైబిల్ బడి, అయిపోగానే పిల్లల్ని పది రోజులు అమ్మమ్మ దగ్గర వదలండి. పాస్టర్ల పిల్లలకు సంఘంలో అందరూ అంకుల్, ఆంటీ. సొంత మేనమామతో మాత్రం నాలుగు మాటలు మాట్లాడలేరు, ఇది నేను చాలా ఇళ్లల్లో చూశాను.

ఇంకో మాట, మీరు రాయలేదు గానీ ఉండి ఉండొచ్చు. చదివింపులు పెట్టడానికి చేతిలో డబ్బు లేక, ఆ సిగ్గుతో శుభకార్యానికి వెళ్లకుండా పరిచర్య మీదకి నెట్టేయడం. అదే కారణమైతే చెల్లితో చెప్పేయండి, చెల్లెలే కదా. ఆమెకు ఫోన్ చేసినప్పుడు దేవుని పని వల్ల రాలేకపోయాం అనొద్దు, అలా అంటే ఆ పిల్ల ఇక నోరెత్తలేదు. "రావాల్సింది, రాలేదు, తప్పు మాదే, ఇల్లు చూడ్డానికి ఎప్పుడు రమ్మంటావు" అనండి. తమ్ముడికి రోజూ వాక్యం ఫోటో పంపడం ఆపి, కూర తరుగుతూ పది నిమిషాలు మాట్లాడండి, అతని ఉద్యోగం గురించి అడగండి.

పెద్దమ్మగారింటికి కూడా వెళ్లండి, భోంచేసి, కాసేపు కూర్చుని, ప్రార్థన పెట్టకుండా రండి. ఆవిడే అడిగిన రోజు చేద్దురుగాని. మీ వారు దీనికి ఒప్పుకోకపోతే మీ జిల్లా సంగతే గుర్తుచేయండి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చాలామందికి ఆ కబురు చుట్టరికాల దారిలోనే అందింది, మేనమామ చెప్పాడనో బావ రమ్మన్నాడనో. ఆ దారి మూసుకుపోతే సంఘానికీ నష్టమే.

ముందు అమ్మ దగ్గరికి వెళ్లండి. వచ్చే సోమవారమే, వీలైతే మీ వారితో, లేదంటే మీరొక్కరే, పొద్దున్న బస్సుకి. ఆ డబ్బాలో జంతికలు ఇంకా ఉంటే ఈ రాత్రికే పిల్లలతో తినిపించండి. మన ఇళ్లల్లో ఖాళీ డబ్బా తిరిగివ్వం కదా, మీ చేత్తో ఏదైనా చేసి నింపుకెళ్లండి. సాయంత్రం దాకా ఫోన్ సంచిలోనే ఉండనివ్వండి.