గడ్డి అమ్మేసే చేనుకు పొటాష్ లెక్క: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన రెండు భూసార పరీక్ష కార్డుల నకళ్లూ అందాయి. కాలువ కింద ఉన్న మూడెకరాల నల్లరేగడిలో పొటాష్ "ఎక్కువ" అనీ, ఊరి పక్కనున్న ఎకరం గరువులో, అంటే ఇసుక నేలలో, "తక్కువ" అనీ వచ్చింది కాబట్టి, ఈ దాళ్వా వరికి రేగడిలో పొటాష్ పూర్తిగా మానేసి, మిగిలిన డబ్బుతో గరువుకు రెట్టింపు మోతాదును నాట్లకు ముందు బురద దున్నే ఆఖరి దమ్ములోనే ఒకేసారి వేద్దామనుకుంటున్నానని రాశావు. కార్డు చూసి ఎరువు వేయాలన్న ఆలోచన మంచిదే. అయితే కార్డులో లేని సంగతి ఒకటి ముందు నిన్ను అడగాలి: కోత అయ్యాక ఆ మూడెకరాల గడ్డి ఎటు పోతోంది?

బావగారు వ్యవసాయం చేసినన్నాళ్లూ గడ్డి మేటు వేసి పశువులకు మేపేవారు, పేడ మళ్లీ చేనికే చేరేది. నువ్వు కౌలుకిచ్చిన ఐదారేళ్లలో రెండు పంటల గడ్డినీ యంత్రంతో మోపులు కట్టించి లారీ ఎక్కించేశారని విన్నాను. వరి తీసుకునే పొటాషియంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా గడ్డిలోనే ఉండిపోతుంది, ధాన్యంతో పోయేది టన్నుకు సుమారు మూడు కిలోలే. ఎండుగడ్డి బరువులో పొటాషియం దాదాపు ఒకటిన్నర శాతం ఉంటుంది కాబట్టి, ఎకరాకు రెండు టన్నుల గడ్డి బయటికి పోతే 30 కిలోల పొటాషియం పోయినట్టే. ఎరువుల లెక్కలో పొటాష్ అంటే పొటాషియం ఆక్సైడ్, కాబట్టి దాన్ని 1.2తో హెచ్చవేయాలి, అంటే 36 కిలోల పొటాష్. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో ఉండేది 60 శాతం కనుక, అది 60 కిలోల ఎరువు, బస్తాకు మించిన మాట. మనం వేసే మామూలు మోతాదు ఎకరాకు 16 కిలోల పొటాష్, అంటే 27 కిలోల ఎరువు. గడ్డి అమ్మిన డబ్బు లెక్క రాసుకునేటప్పుడు ఈ బస్తాను కూడా ఖర్చులో రాసుకో.

మరి ఇంత పోతున్నా కార్డులో "ఎక్కువ" అని ఎందుకు వచ్చిందని నీకు అనుమానం రావాలి. నేలలోని పొటాషియంలో చాలా భాగం అభ్రకం వంటి ఖనిజాలలో బిగుసుకుని ఉంటుంది, కొంత బంకమట్టి పొరల మధ్య ఇరుక్కుని ఉంటుంది, ఇంకొంత మట్టి రేణువులను పైపైన అంటిపెట్టుకుని ఉంటుంది, బహు కొద్ది మాత్రమే నీటిలో కరిగి ఉంటుంది. ప్రయోగశాలలో అమ్మోనియం ఎసిటేట్ ద్రావణంతో కడిగి కొలిచేది ఈ చివరి రెండింటినే. పంట తీసుకున్న మేరకు పొరల మధ్య నుంచి కొంత బయటికి వచ్చి ఆ చోటు నింపుతూ ఉంటుంది. గాదెలోంచి తోడి డబ్బాలో పోసుకుంటున్నంత కాలం డబ్బా నిండుగానే కనబడుతుంది కదా. అందుచేత రేగడిలో కార్డు అంకె ఏళ్ల తరబడి పెద్దగా కదలకపోయినా, అడుగున నిల్వ తగ్గుతూ ఉండవచ్చు.

గరువు సంగతి వేరు. ఇసుక పాలు ఎక్కువైన నేలకు పట్టి ఉంచే శక్తి తక్కువ. చేనిలో నీరు నిలబెట్టినప్పుడు గాలి అందక కరిగే ఇనుము, మాంగనీసు, వాటితో పాటు అమ్మోనియం, రేణువుల మీది పొటాషియాన్ని పక్కకు నెట్టి నీటిలోకి దింపుతాయి. రేగడిలో అది వేళ్లకు అందివచ్చిన మేలు, గరువులో మాత్రం నీటితో పాటు కిందికి ఇంకిపోతుంది. నువ్వనుకున్నట్టు అంతా ఒకేసారి దమ్ములో వేస్తే, లోపల వెన్ను రూపుకట్టే చిరుపొట్ట దశకు వచ్చేసరికి అందులో ఎంత మిగులుతుందో చెప్పలేము.

కాబట్టి నా మాట ఇది. పరీక్షలో ఎక్కువ వస్తే మోతాదులో 30 శాతం తగ్గించడం, తక్కువ వస్తే 30 శాతం పెంచడం మన వైపు వాడుక. రేగడిలో ఈసారి గడ్డి చేనిలోనే కలియదున్నే పక్షంలో ఎకరాకు 19 కిలోల ఎరువు చాలు, దాన్ని ఆఖరి దమ్ములోనే వేసేయి. గడ్డి అమ్మేటట్టయితే తగ్గింపు మాట మరచిపోయి 27 కిలోలూ వేయి. గరువుకు 35 కిలోలు తీసుకుని, సగం ఆఖరి దమ్ములో, సగం అంకురం తొడిగే దశలో, అంటే చిరుపొట్టలో, యూరియాతో కలిపి చల్లు. ఆ రెండూ సరిగ్గా చల్లబోయేటప్పుడే కలపాలి, రాత్రి కలిపి ఉంచితే తెల్లవారేసరికి చెమ్మగిల్లి ముద్ద కడతాయి.

బస్తా మీది మూడు అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు; దుకాణంలో ఆ మూడో అంకె చదవకుండా డబ్బు ఇవ్వకు. డి.ఎ.పి.లో గానీ, 28-28-0లో గానీ పొటాష్ చుక్క కూడా లేదు. 14-35-14 యాభై కిలోల బస్తాలో 7 కిలోలు, 10-26-26లో 13 కిలోలు వస్తాయి, వాటిని వాడితే ఆ మేరకు విడి పొటాష్ తగ్గించుకోవాలి.

లోపాన్ని గుర్తుపట్టడం నాకు పుస్తకం నేర్పలేదు, మా గడ్డిమేటు నేర్పింది. ఒక దాళ్వాలో చేనంతా ముదురాకుల కొసలూ అంచులూ పసుపుగా మారి, తర్వాత గోధుమ రంగులో మాడుతూ ఉంటే, తెగులనుకుని రెండుసార్లు మందు కొట్టించాను. గుణం కనబడలేదు. గట్టు మీద నిలబడి చూస్తే, అంతకు ముందు మేటు వేసిన మూల మాత్రం గుండ్రంగా పచ్చగా ఉంది. అక్కడి దుబ్బు ఒకటి, పక్క దుబ్బు ఒకటి పీకి పక్కపక్కన పెట్టాను. ఒకదాని అడుగు ఆకులు కొస దాకా నిగనిగలాడుతున్నాయి, రెండోదాని ఆకులు అంచుల వెంట కాలి, నడిమి ఈనె మాత్రం పచ్చగా ఉంది. గడ్డిలోని పొటాషియం నీటికి ఇట్టే కరుగుతుంది కాబట్టి, వానలు మేటును కడిగి ఆ మూలకు దించాయన్నమాట. నత్రజని లోపమైతే ముదురాకు మొత్తం వెలిసిపోతుంది, జింకు లోపమైతే నాటిన రెండు నుంచి నాలుగు వారాలలో ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి. అంచు కాలడం పొటాష్ గుర్తు. అంకురం దాటాక ఇది కనబడితే లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 కలిపి పిచికారీ చేయవచ్చు గానీ, అది గండం గట్టెక్కించడానికే, నేల బాకీ దానితో తీరదు.

యూరియా చవక, పొటాష్ ప్రియం. మన దేశంలో తవ్వి తీసే పొటాష్ గనులు లేవు, కెనడా, రష్యా వంటి చోట్ల నుంచి ఓడల్లో రావాలి. అందుకే రైతు చేయి ముందు యూరియా మీదికే పోతుంది. పొటాష్ లేకుండా యూరియా దంచిన చేను చూడ్డానికి నల్లగా ఏపుగా ఉంటుంది. తీరా గింజ పాలు పోసుకునే వేళకు పడిపోతుంది, దోమకూ పాముపొడ తెగులుకూ ముందు అదే దొరుకుతుంది, తాలూ ఎక్కువే.

ఇక గరువు కార్డు మీద నాకింకా నమ్మకం కుదరలేదు, మట్టిని ఎవరు ఎక్కడ తీశారో నువ్వు రాయలేదు. దమ్ముకు ముందే, ఎరువు తగలకముందే, మళ్లీ తీయించు. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప ఉన్న చోట వద్దు. ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున వి ఆకారంలో గుంట తీసి, అంచు మట్టిని పైనుంచి కింది దాకా పలచగా గీకి, అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగుల్చు. నేను ఒకప్పుడు ఆ అరకిలోనూ ఖాళీ పొటాష్ సంచిలో పోసి పంపి, వచ్చిన అంకె చూసి మురిసిపోయి ఏడాదిపాటు పొటాష్ మానేసినవాణ్ణి. అత్తయ్య కుట్టిన రెండు గుడ్డ సంచులు ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను.

ఇట్లు,
మీ మావయ్య