అల్గార్వేలో గోల్ఫ్ సెలవులు: పెదనాన్న ఉత్తరం

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే ఏడాది నువ్వూ కోడలుపిల్లా, నీ స్నేహితుడి జంటతో కలిసి పోర్చుగల్ దక్షిణ తీరంలోని అల్గార్వేకి గోల్ఫ్ సెలవులకు వెళ్లాలనుకుంటున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది. నేను మూడుసార్లు వెళ్లొచ్చిన చోటది. అందుకే నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైంది ముందే చెప్పేస్తాను. ఏడు రోజులుంటే ఏడు రౌండ్లు పెట్టుకోకు. నాలుగు చాలు. మొదటిసారి నేను ఆరు రోజులకు ఆరు కోర్సులు బుక్ చేశాను. ఇంత ఖర్చు పెట్టి అంత దూరం వెళ్తున్నాం, ఒక్క పూట కూడా వదలకూడదని నా ఆరాటం. ఒక రౌండ్ అంటే పద్దెనిమిది హోల్స్, అవి నడిస్తే ఎనిమిది, పది కిలోమీటర్లవుతుంది. నాలుగో రోజు పొద్దున బూటు వేసుకోబోతే మడమ దగ్గర చర్మం లేచి సాక్సుకి అంటుకుపోయింది. నడుం వంగలేదు. ఆ రోజు ఆడాల్సింది శాన్ లొరెంజో కోర్సులో. అక్కడ ఆరో హోల్ రియా ఫొర్మోజా ఉప్పునీటి మడుగుల పక్కనే సాగుతుంది. పోటు తగ్గిన బురదలో పొడుగు కాళ్ల పక్షులు మేస్తుంటే, నేను బగ్గీలో కూర్చుని నొప్పి లెక్కపెట్టుకున్నాను. ఆ హోల్ సరిగ్గా ఆడలేదనే బాధ ఇప్పటికీ ఉంది. అందుకే రెండు రౌండ్లు ఆడితే ఒక రోజు ఖాళీ ఉంచు.

ఏప్రిల్, మే నెలలు గానీ, సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ దాకా గానీ మంచి కాలం. ఎండ ఉంటుంది, మాడ్చదు. కాకపోతే యూరప్ గోల్ఫర్లంతా అప్పుడే వస్తారు కాబట్టి ఫీజులెక్కువ, పొద్దుటి టీ టైమ్‌లు (ఆట మొదలుపెట్టడానికి బుక్ చేసుకునే వేళలు) త్వరగా అయిపోతాయి. జులై, ఆగస్టుల్లో బీచ్ జనం. ఎండ కూడా గట్టిగానే ఉంటుంది. డిసెంబర్‌లో వానలు, పైగా సాయంత్రం ఐదుంపావుకే పొద్దు గూకుతుంది.

తేదీలు అనుకోగానే ముందు టీ టైమ్‌లు చూడు, తర్వాత ఇల్లు, ఆ తర్వాతే విమానం టికెట్లు. చాలామంది చవక టికెట్ దొరికిందని ముందు అది కొనేస్తారు. తర్వాత మంచి కోర్సుల్లో మధ్యాహ్నం రెండింటికి తప్ప చోటుండదు. సముద్రపు గాలి ఊపందుకునేదీ అప్పుడే. పోర్చుగల్‌కి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఈ రెండూ చివరిదాకా లాగి టెన్షన్ పడకు.

బస విలమోరా వైపు చూసుకో. ఫారో ఎయిర్‌పోర్టుకి దగ్గర, చాలా కోర్సులు అరగంట లోపే. అక్కడి ఓల్డ్ కోర్స్ 1969 నాటిది. గొడుగుల్లా విచ్చుకున్న పైన్ చెట్ల మధ్య ఫెయిర్‌వేలు (బంతి ఆడే గడ్డి దారులు) ఇరుకుగా ఉంటాయి, డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్, సంచిలోనే పెట్టుకుని ఆడినా నష్టం లేదు. కొన్ని కోర్సులు హ్యాండికాప్ (ఆట స్థాయి చెప్పే అంకె) సర్టిఫికెట్ అడుగుతాయి, మీ గోల్ఫ్ క్లబ్ నుంచి తీసుకెళ్లు. ఒక రోజు మాత్రం పడమరగా పెనీనాకి వెళ్లండి. వరిమళ్ల బురదనేలలో హెన్రీ కాటన్ వేసిన కోర్సు అది, 1966లో తెరిచారు. మూడుసార్లు బ్రిటిష్ ఓపెన్ టోర్నీ గెలిచిన మనిషి, ఆ చిత్తడి ఆరడానికి లెక్కలేనన్ని చెట్లు నాటించాడు. ఆయన గోల్ఫ్ సంచి మోయడానికి ఓ గాడిద ఉండేదట. కోర్సు మరీ కష్టమైంది కాదు గానీ, ఆ ప్రాంతానికి గోల్ఫ్ అక్కడి నుంచే పాకిందని తెలిసి నడిస్తే ఆ చెట్ల నీడే వేరుగా ఉంటుంది.

వాల్ దో లోబోలో రాయల్ కోర్సు పదహారో హోల్ గురించి విడిగా చెప్పాలి. పార్ త్రీ, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్. వెనక టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి దాదాపు 200 మీటర్లు. పక్కనే సముద్రం, మధ్యలో ఎర్రమట్టి చరియలు తెగి లోతుగా పడి ఉంటాయి. వాటన్నిటి మీదుగా బంతి దాటాలి. నేను నిలబడ్డప్పుడు గాలి ఎదురొస్తోంది, చేతి గ్లవ్ తడిసి జారుతోంది. బలమంతా పెట్టి కొట్టాను, బంతి పక్కకి వంగి నీళ్లలో పడింది. మూడోసారి వెళ్లినప్పుడు ముందు టీ నుంచి, ఇంకాస్త దూరం కొట్టే క్లబ్ తీసుకుని నెమ్మదిగా కొట్టాను. గ్రీన్ (జెండా, గుంట ఉండే నున్నటి గడ్డి) అంచున ఆగింది. ఎదురుగాలిలో గట్టిగా కొట్టేకొద్దీ బంతి పైకి లేస్తుంది తప్ప ముందుకు పోదు. ఇది ఇప్పటి నుంచే ప్రాక్టీస్ చెయ్యి.

మన దగ్గర అలవాటైన క్యాడీ (సంచి మోసి సాయం చేసేవాడు) అక్కడ ఉండడు. బంతి ఎక్కడ పడిందో చూసుకోవడం, బంకర్ ఇసుక రేక్‌తో సరిచేయడం, గ్రీన్ మీద బంతి పడ్డ గుంట పూడ్చడం, అన్నీ మనమే చేసుకోవాలి. ట్రాలీ లాక్కుంటూ ఆలస్యం చేస్తే వెనకవాళ్లు ఆగాల్సి వస్తుంది. వెళ్లేముందు నెల రోజులు మీ క్లబ్‌లో క్యాడీ లేకుండా ఆడండి, దూరాలు మీరే లెక్కకట్టండి.

రెండోసారి వెళ్లినప్పుడు నా క్లబ్బుల సంచి విమానం దిగలేదు, మూడో రోజు వచ్చింది. అందుకని బూట్లు, గ్లవ్‌లు, టోపీ చేతి సామానులో పెట్టుకో. క్లబ్బులు క్యాబిన్‌లోకి రానివ్వరు. సంచిలో అన్నిటికంటే పొడుగ్గా ఒక గట్టి కర్ర పెడితే పైనుంచి దెబ్బ తగిలినా క్లబ్బులు విరగవు. రెండు రౌండ్లే ఆడేవాళ్లు అక్కడే అద్దెకు తీసుకోవడం మేలు.

కోడలుపిల్ల ఆడదు కదా. ఖాళీ రోజులు ఆమె చెప్పినట్టు గడపండి. లాగోస్ దగ్గర పోంతా ద పియెదాద్ రాళ్ల మధ్య చిన్న పడవలో తిరగడం, సాయంత్రం సావో విసెంట్ అగ్రం దగ్గర సూర్యాస్తమయం నేనైతే వదలను. అక్కడ గాలికి మేలోనూ చలేస్తుంది, ఆమెకి శాలువా పెట్టు. సముద్రం అట్లాంటిక్, చల్లగా ఉంటుందని ముందే చెప్పు.

టీ టైమ్‌లు ఖరారు చేసే ముందు ఆ కాగితం నాకు వాట్సాప్ చెయ్యి. ఏ రోజు ఏది పెట్టాలో కూర్చుని చూస్తాను.

మీ
పెదనాన్న