టాక్‌బ్యాక్ ఆన్ చేశాక ఫోన్ మాట వినట్లేదా? నాన్నగారికి ముందు రెండే నేర్పండి

గ్లకోమాతో చూపు బాగా తగ్గిన మీ నాన్నగారికి ఫోన్లో టాక్‌బ్యాక్ (తెరమీద ఉన్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ సదుపాయం) ఆన్ చేశామని, అప్పట్నుంచి ఏది ముట్టుకున్నా చదవడమే గానీ ఓపెన్ అవ్వట్లేదని, నాలుగు రోజులకే ఆయన "నావల్ల కాదు, నా బటన్ల ఫోన్ నాకిచ్చేయండి" అన్నారని రాశారు కదా. నాకు ఆర్‌పీ అండి, అంటే రెటినైటిస్ పిగ్మెంటోసా, చూపు మెల్లమెల్లగా పోయి ఇప్పుడు వెలుతురు ఒక్కటే తెలుస్తుంది, ఈ జవాబు కూడా టాక్‌బ్యాక్‌తోనే టైప్ చేస్తున్నా. మీ ఫోన్‌కి ఏమీ కాలేదు, ముందు కంగారు పడకండి.

టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉన్నప్పుడు ఒకసారి ముట్టుకుంటే "ఇదేంటి?" అని అడిగినట్టు. రెండుసార్లు టకటకా కొడితే "సరే, ఇదే తెరువు" అని చెప్పినట్టు. ఇక్కడ అసలు కీలకం ఏంటంటే ఆ రెండు దెబ్బలు బటన్ మీదే కొట్టక్కర్లేదు, దేని పేరు చివరగా చదివిందో అదే ఓపెన్ అవుతుంది, మీరు తెరమీద ఎక్కడ కొట్టినా సరే. నాకిది మొదట్లో ఎవరూ చెప్పలేదు, పేరు వినపడ్డ చోటే గురిచూసి కొట్టాలనుకుని వేలు ఎత్తి మళ్లీ పెట్టేలోపు పక్కదాని మీద పడేది, అలా ఒకరికి చేయాల్సిన ఫోన్ ఇంకొకరికి వెళ్లేది, చాలా బాధపడ్డా. మీ నాన్నగారి ఇబ్బంది కూడా ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

కాబట్టి మొదటి వారం రెండే నేర్పండి. ఒక వేలితో కుడికి జరిపితే తర్వాతది చదువుతుంది (ఎడమకి జరిపితే ముందుది), కావాల్సింది వినపడగానే డబుల్ ట్యాప్, అంతే. ఐఫోన్లో వాయిస్‌ఓవర్ అయినా ఈ రెండూ ఇలాగే ఉంటాయి.

మా వీధిలో ఒక పెద్దాయనకి నేర్పినప్పుడు గమనించింది చెప్తా. ఆయన కుడికి జరపమంటే వేలు నొక్కిపెట్టి నిదానంగా లాగేవారు, అలా లాగితే ఫోన్ దాన్ని స్వైప్ అనుకోదు, వేలి కింద ఏముంటే అది చదువుకుంటూ పోతుంది. ఎంత చెప్పినా రాలేదు, చివరికి ఆయన చెయ్యి పట్టుకుని "బాబాయ్, చేతిమీద చీమ పాకితే ఎలా విదిలిస్తావో అలా" అని ఆయన ముంజేతి మీదే చేసి చూపించా, అప్పుడొచ్చింది. ఇంకోటి, ఫోన్ ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంటే బొటనవేలు తెర అంచుకి తగులుతూ ఉంటుంది, ఫోన్‌కి రెండు వేళ్లు ఆనినట్టు లెక్క, చేసేవన్నీ తప్పుతాయి. అలవాటయ్యేదాకా ఫోన్ బల్లమీద పెట్టి నేర్పండి. దయచేసి మధ్యలో ఫోన్ లాక్కుని మీరు చేసిపెట్టకండి, పదిసార్లు తప్పు కొట్టినా ఆయన వేలే కొట్టాలి.

గొంతు కూడా ముఖ్యం. ఫోన్లో చదివి వినిపించే గొంతు గూగుల్ టీటీఎస్‌ది, అందులో తెలుగు ఉంది, అది పెట్టి వేగం తగ్గించండి. నేనిప్పుడు వినే వేగం మా ఇంట్లో వాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు, కానీ కొత్తలో నేనూ నిదానంగానే పెట్టుకున్నా.

రెండో వారం నుంచి ఒక్కోటి కలపండి. లిస్టు పైకీ కిందకీ జరగాలంటే రెండు వేళ్లతో జరపాలి. వేలు తెరమీద కిందకి జరిపి ఎత్తకుండానే ఎడమకి తిప్పితే బ్యాక్, అలాగే పైకి జరిపి ఎత్తకుండానే ఎడమకి తిప్పితే హోమ్. రెండు వేళ్లతో డబుల్ ట్యాప్ చేస్తే వచ్చిన కాల్ ఎత్తొచ్చు, పెట్టేయొచ్చు, కొత్త ఫోన్లలో ఇది పనిచేస్తుంది, పెద్దవాళ్లకి ఇది వచ్చాక ఎక్కడలేని ధైర్యం వస్తుంది. మీరు ఆ ఫోన్ వాడాల్సొస్తే వాల్యూమ్ కీలు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కితే టాక్‌బ్యాక్ ఆగుతుంది, ఆ షార్ట్‌కట్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ దగ్గర ముందే ఆన్ చేసుకోండి, పనవ్వగానే మళ్లీ నొక్కి ఆన్ చేసే ఇవ్వండి.

టైపింగ్ తొందరేం లేదు, కీబోర్డు మీద మైక్ నొక్కి తెలుగులో చెప్తే సరిపోతుంది. పిన్, ఓటీపీ మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే, లేకపోతే ఓటీపీ పక్కవాళ్లకీ వినపడుతుంది. తెర నల్లగా చేసేసే ఆప్షన్ కూడా ఉంది, బస్సులో నేను అదే వాడతా.

కొన్ని యాప్‌లలో మాత్రం నాన్నగారు ఎంత బాగా నేర్చుకున్నా పని జరగదు. నా బ్యాంకు యాప్‌లో ఒక పేజీ మొత్తం "అన్‌లేబుల్డ్ బటన్, అన్‌లేబుల్డ్ బటన్" అనే చదివేది, డబ్బు పంపేది ఏదో తెలియక ఆరోజు పక్కింటి కుర్రాణ్ణి పిలవాల్సొచ్చింది, నా ఖాతాలో ఎంతుందో అతనికి కనపడింది. అలాంటి బటన్ దొరికితే టాక్‌బ్యాక్ మెనూలో లేబుల్ పెట్టే ఆప్షన్ చూడండి, చాలావాటికి పనిచేస్తుంది, మీరు ఒకసారి చూసి "పంపు" అని పేరు పెట్టేస్తే ఇక ఆయనకి అలాగే చదువుతుంది. ఆ యాప్ వాళ్లకి ఫిర్యాదు కూడా రాయండి. డిజిటల్ కేవైసీ (ఫోన్లోనే మనమెవరో రుజువు చేసుకోవడం) మాలాంటివాళ్లకీ అందుబాటులో ఉండాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది, ఆ మాట ప్రస్తావించి రాయండి.

బటన్ల ఫోన్ అడిగారంటే ఆయన్ని తప్పుపట్టకండి. నేనూ నోకియాలో టాక్స్ అనే తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడినవాణ్ణే, కీ నొక్కితే వేలికి తెలిసేది, ఈ నున్నటి గాజుమీద ఏమీ తెలియదు. ఇందాక చెప్పిన మా వీధి బాబాయ్‌కి మొదటిరోజు నేర్పింది ఒక్కటే పని, హోమ్ స్క్రీన్ మీద ఆయన కూతురి కాంటాక్ట్ తప్ప అన్నీ తీసేశా. కుడికి జరిపారు, అమ్మాయి పేరు చదివింది, టకటకా కొట్టారు, అవతల "నాన్నా" అని వినపడింది. మీరూ రేపు అక్కడ్నుంచే మొదలుపెట్టండి.